తుపాకీ హక్కు ఎవరింటికి పోతుంది?

ఎక్కడో ఒక ఘోరం జరుగుతుంది. ఊరి బయట ఆడపిల్ల మీద అఘాయిత్యం, లేదంటే పిల్లలు విదేశాల్లో ఉన్న ముసలి దంపతుల ఇంట్లో దోపిడీ. మర్నాటికల్లా ఎవరో ఒకరు అనేస్తారు: "వాళ్ళ దగ్గర ఒక తుపాకీ ఉండి ఉంటేనా!" ఇంకో రెండు రోజులు గడిచేసరికి ఆ మాటకి చరిత్ర తోడవుతుంది. 1878లో తెల్లవాడు మన చేతుల్లోంచి ఆయుధం లాక్కున్నాడట. స్వతంత్రం వచ్చాక మన నాయకులు ఆ చట్టాన్నే నెత్తిన పెట్టుకున్నారట. దొంగకి తపంచా దొరుకుతుంది గాని మర్యాదస్తుడికి లైసెన్సు దొరకదట. అమెరికాలో అయితే రాజ్యాంగమే పౌరుడి చేతికి తుపాకీ ఇచ్చిందట. ఆఖరికి గాంధీగారిని కూడా సాక్ష్యానికి పిలుస్తారు.

ఒకప్పుడు ఇది వేటగాళ్ళు, తుపాకుల సరదా ఉన్నవాళ్ళు మాట్లాడుకునే మాట. ఇప్పుడు లాయర్లు, రిటైరైన ఆఫీసర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా ఇదేదో ఎప్పుడో తేలిపోయిన విషయం అన్నట్టు మాట్లాడుతున్నారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. పోలీసు వేళకి రాడన్న కోపమూ అబద్ధం కాదు. కానీ ఆ భయానికి తుపాకీ హక్కే మందు అనేవాళ్ళు ఒక ప్రశ్న దాటేస్తారు. ఆ హక్కంటూ కాగితం మీద రాసేస్తే, మన ఊళ్ళలో అది ఎవరింటికి పోయి కూర్చుంటుంది? భూమి ఎవరికుందో, డబ్బు ఎవరికుందో, పోలీసు స్టేషనుకి వెళ్తే ఎవరికి కుర్చీ వేస్తారో, వాళ్ళింటికే పోతుంది. ఇన్నాళ్ళూ పోయింది కూడా అక్కడికే.

ముందు చరిత్ర సంగతి చూద్దాం, ఎందుకంటే సగం చరిత్రే చెబుతున్నారు. 1878 ఆయుధ చట్టం లిట్టన్ హయాంలో వచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టమూ ఆ ఏడే వచ్చింది. ఆయుధ చట్టంలో అసలు అవమానం లైసెన్సు పెట్టడం కాదు. తెల్లవాడికి అక్కర్లేని లైసెన్సు నల్లవాడికి కావలసి రావడం. కాంగ్రెస్ వాళ్ళు 1887 మద్రాసు మహాసభ నాటికే దీని మీద గొంతెత్తారంటే ఆ కోపం అందుకే. 1928 నెహ్రూ నివేదికలోనూ, 1931 కరాచీ తీర్మానంలోనూ ఆయుధం కలిగి ఉండే హక్కును రాసుకున్న మాట నిజమే. కానీ రెండుచోట్లా ఆ హక్కు పక్కనే నిబంధనలకు లోబడి అన్న షరతు కూడా ఉంది. మనవాళ్ళు హక్కు చదువుతారు, షరతు దగ్గర కళ్ళజోడు తీసేస్తారు.

ఇక గాంధీగారు. ఒక జాతినంతటినీ నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన పాపాల్లోకెల్లా నల్లటిదిగా చరిత్ర చూస్తుందని ఆయన రాసిన మాట వాస్తవం. ఎప్పుడు రాశారు? 1918లో, ఖేడా జిల్లాలో, మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలో చేరమని రైతులను అడుగుతూ వేసిన కరపత్రంలో. సైన్యంలో చేరండి, ఆయుధం పట్టడం నేర్చుకోండి, అలా ఆ చట్టం పోగొట్టుకుందాం అన్నది అందులో ఎర. రైతులు పెద్దగా కదలలేదు, ఆయన తిరిగి తిరిగి జబ్బుపడ్డారు. ఆ ప్రచారం ఆయన జీవితంలో ఆయన అభిమానులకే మింగుడుపడని ఘట్టం. దాంట్లోంచి ఒక్క వాక్యం చీల్చి, పరుపు కింద రివాల్వర్ పెట్టుకోవడానికి గాంధీ అనుమతి ఇచ్చాడన్నట్టు తిప్పడం ఎంత న్యాయమో చదువరులే చెప్పాలి.

ఈ వాదానికి జవాబు 1948 డిసెంబర్‌లోనే దొరికింది. రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ కరాచీ తీర్మానాన్ని గుర్తు చేసి, ఆయుధ హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చమని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ప్రతివాడూ బజారుకెళ్ళి, ఏ అడ్డూ లేకుండా, దాడి చేసే సాధనాలన్నీ కొనుక్కునే హక్కు ఉంటే రాజ్యం పరిపాలన ఎలా చేస్తుందో తన ఊహకు అందడం లేదన్నారు. ఈ మాటన్నది జీవితాంతం ఊరి పెత్తందార్ల దౌర్జన్యాన్ని కళ్ళారా చూసిన మనిషి. ఆయుధం లేనివాడి బాధ ఆయనకు ఇంకొకరు చెప్పాలా? ఆ హక్కు ఊళ్ళోకి దిగితే ముందు ఎవరి చేతికి అందుతుందో ఆయనకు తెలియదనుకోవాలా? 2023 ఫిబ్రవరిలో లైసెన్సు లేని తుపాకుల మీద సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణ మొదలుపెట్టినప్పుడు చెప్పిందీ ఇదే: అమెరికాలో లాగా ఇక్కడ ఆయుధం పట్టే ప్రాథమిక హక్కు లేదు.

పైగా ఇప్పుడున్నది 1878 చట్టం కాదు. దాన్ని రద్దు చేసి 1959లో కొత్త చట్టం చేశారు. అందులో 14వ సెక్షన్ తీసి చదవండి. లైసెన్సు ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా నమోదు చెయ్యాలి. 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్ళవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. అంటే చట్టం దృష్టిలో ఉపాధి హామీ కూలీకీ, క్వారీ యజమానికీ తేడా లేదు.

ఆ సమానత్వం ఎలా ఉంటుందో చూడాలంటే ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఏదైనా పట్టణంలో పోలీసు స్టేషనుకి వెళ్ళి కాసేపు నిలబడండి. లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చెయ్యమని అప్పుడు ఉత్తర్వు వస్తుంది. స్టేషన్ రైటర్ బల్ల మీద లైసెన్సు పుస్తకం తెరిచి, తుపాకీ మీద చెక్కిన నంబరు సరిచూసి, లోపల తూటా లేదని చూసుకుని, తెచ్చిన రౌండ్లు లెక్కపెట్టి, దారంతో చీటీ కట్టి, రసీదు రాసిస్తాడు. బల్ల ముందు ఎవరుంటారు? రియల్ ఎస్టేట్ ఆసామి, రైసు మిల్లు యజమాని, మాజీ ఎంపీపీ, కాంట్రాక్టరు. మధ్యలో ఖాకీ చొక్కా వేసుకున్న మాజీ సైనికుడొకరు, బ్యాంకు ముందు కాపలా కాసే డబుల్ బ్యారెల్‌తో. అతనికి అది పొట్టకూడు, మిగతావాళ్ళకి దర్జా. చట్టం ఆస్తి అడగొద్దంది. అయినా ఆ వరసలో ఆస్తే నిలబడి ఉంటుంది. నియంత్రణ ఉన్నప్పుడే ఇలా ఉంటే, అదీ తీసేస్తే వరస మారుతుందా, పొడుగవుతుందా?

దర్జా అన్నాను కాబట్టి మన రాజకీయాల్లో గన్‌మెన్ సంగతి కూడా చెప్పుకోవాలి. టూ ప్లస్ టూ ఉన్న నాయకుడు, వన్ ప్లస్ వన్ ఉన్నవాణ్ణి చూసే చూపు వేరు. ఓడిపోయిన మర్నాడు కారు పోయిందని ఎవడూ ఏడవడు, గన్‌మెన్‌ని తీసేశారని మాత్రం హైకోర్టుకి పోతారు. రక్షణకంటే ఎక్కువ ఏదో ఆ తుపాకీ మోస్తోంది.

ఇది కొత్తగా పుట్టింది కాదు. 1946 జులై 4న, అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకా కడివెండిలో, విసునూరు దేశ్‌ముఖ్ ఆగడాలకు ఎదురు తిరిగిన జనం ఊరేగింపు తీశారు. వాళ్ళ చేతుల్లో కర్రలు, వడిసెలలు. గడీ వైపు నుంచి దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే ఒరిగిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడాయన. తుపాకీ హక్కువాదులు ఈ కథనే తమవైపు తిప్పుకుంటారు: చూశారా, జనం దగ్గర కూడా తుపాకులుంటే! కానీ ఆ రోజు కొమరయ్యకు లేనిది తుపాకీ మాత్రమేనా? పట్టా లేదు, కోర్టు లేదు, వెట్టి కాదనే దారి లేదు. దొరకు మాత్రం తుపాకీ ఉంది, ఎందుకంటే దొరకు అవన్నీ ఉన్నాయి. తుపాకీ భూమి వెనకాలే వచ్చింది. పంపకం జరగని చోట తుపాకీ హక్కు ఇస్తే అది గడీ గేటు దాటి ఇవతలికి రాదు.

నమ్మకపోతే బీహార్ చూడండి. 1997 డిసెంబర్ 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో భూస్వాముల రణవీర్ సేన 58 మంది దళితుల్ని చంపేసింది. పసిపిల్లల్ని కూడా వదల్లేదు. తుపాకుల కొరత లేని నేలలో ఆ తుపాకులు ఏ కులం గుమ్మంలో ఉన్నాయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన పక్క 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. అక్కడ గొడ్డళ్ళు, బరిసెలు చాలాయి. ఆ ఊళ్ళలో ఇంటింటికీ తుపాకీ ఉండే హక్కు ఉండి ఉంటే, ముందు కొనగలిగేది ఎవరు, ముందు పేల్చేది ఎవరు, పేల్చాక ఆత్మరక్షణ అని చెప్పి నమ్మించగలిగేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకీ ఒకటే జవాబు వస్తుందని ఆ జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా తెలుసు.

రాయలసీమ సంగతి ఇంకా విచిత్రం. ఫ్యాక్షన్ అంటే సినిమాలు చూపించేది ఏమైనా, ఆ పల్లెల్లో ఏళ్ళ తరబడి పారిన రక్తంలో ఎక్కువ భాగం నాటు బాంబులూ, వేటకొడవళ్ళూ పారించినదే. అంత పగ, అంత డబ్బు ఉండి కూడా తుపాకీ ఎక్కువగా ఎందుకు రాలేదు? దొరకడం కష్టం కాబట్టి. దొరికితే దాచడం ఇంకా కష్టం కాబట్టి. ఆ పల్లెల్లో స్వేచ్ఛగా రైఫిళ్ళు అమ్మి ఉంటే పగలు చల్లారేవని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? తుపాకీ వచ్చినచోట అది ఎవర్నీ కాపాడలేదు కూడా. మాజీ మంత్రి పరిటాల రవి 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గర, చుట్టూ మనుషులుండగానే, తూటాలకు కూలిపోయారు. ఆయన ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి 2011 జనవరిలో హైదరాబాదులో, సొంత కారులో, తన వెంట తిరిగిన అనుచరుడి చేతిలోనే కాల్పులకు గురై పోయాడు. ఆ అనుచరుడికి కోర్టు యావజ్జీవం వేసింది. కారులో ఉన్న తుపాకీకి ఎవరు యజమాని, ఎవరు శత్రువు అన్న తేడా తెలియదు.

"మంచివాడి చేతిలో తుపాకీ ఉంటే చెడ్డవాడు ఆగుతాడు" అన్నది అమెరికా నుంచి దిగుమతైన మాట. ఆ అమెరికాలోనే, టెక్సస్ రాష్ట్రం యువాల్డీలో, 2022 మే 24న ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాడు బడిలోకి దూరి 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపాడు. అక్కడికి చేరిన పోలీసులు, ఇతర బలగాలు 376 మంది. శిక్షణ ఉంది, కవచాలున్నాయి, తుపాకులున్నాయి. తరగతి గది తలుపు తెరిచి వాణ్ణి మట్టుపెట్టడానికి 77 నిమిషాలు పట్టింది. ఆ తలుపవతలికి పోవడానికి వాళ్ళెందుకు జంకారు? లోపలివాడి చేతిలో ఉన్న రైఫిల్‌కి జడిసి. ఆ రైఫిల్‌ని వాడు పద్దెనిమిది నిండగానే దుకాణంలో బిల్లు కట్టి చట్టబద్ధంగా కొన్నాడు.

దొంగ చేతిలో ఎలాగూ ఉంటుంది కదా, చట్టం అడ్డుపడేది మంచివాడికే కదా అంటారు. ఈ వాదనలో కొంత నిజముంది, అందుకే ఇది బాగా అమ్ముడవుతుంది. మన దేశంలో తుపాకీతో జరిగే హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతాయి. బీహార్‌లో ముంగేర్ చుట్టుపక్కల దొంగ కార్ఖానాల్లో పిస్టళ్ళు తయారవుతాయి, రైళ్ళెక్కి హైదరాబాదు దాకా వస్తాయి. సరే. కానీ దొంగ సరుకు ఉందన్న కారణంతో బజారు తెరిచేస్తే దొంగ సరుకు తగ్గుతుందా? అమెరికాలో నేరగాడి చేతిలోని తుపాకీ దాదాపు ప్రతిదీ ఒకప్పుడు దుకాణంలో చట్టబద్ధంగా అమ్మినదే. అక్కడినుంచి దొంగతనంగానో, చేతులు మారో చీకట్లోకి జారుతుంది. గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో రాత్రి డ్యూటీ చేస్తూ గల్లాపెట్టె దగ్గర కాల్పులకు బలైపోయిన తెలుగు పిల్లల శవాలు పెట్టెల్లో శంషాబాదుకు వస్తుంటే చూశాం. మన దగ్గర గల్లా దోచుకునేవాడు కత్తి చూపిస్తాడు, కళ్ళల్లో కారం కొడతాడు. కత్తికి దూరంగా పరిగెత్తవచ్చు. ఆ తేడా తెచ్చింది లైసెన్సు చట్టమే, దాన్ని మనం లెక్కలో వెయ్యం.

మన అడవి ఊళ్ళు కూడా ఇదే చెబుతాయి. ఏజెన్సీలో మందుగుండు దట్టించి సీసం గుళ్ళు వేసే నాటు తుపాకీలు ఇంకా ఉన్నాయి. పంట మీద పడే అడవి పందుల కోసం రాత్రి కాపు కాస్తారు. పొద కదిలింది, పందనుకున్నాడు, పేల్చాడు. పడింది వెంట వచ్చిన బామ్మర్ది. ఇలాంటి వార్త జిల్లా పేజీలో ఏటా వస్తూనే ఉంటుంది. అక్కడ దొంగ లేడు, పగ లేదు. తుపాకీ ఉంది, చీకటి ఉంది, అంతే.

ఇంట్లో తుపాకీ గురించి మాట్లాడేవాళ్ళు గుమ్మం వైపే చూస్తారు, దొంగ ఎప్పుడొస్తాడా అని. అమెరికా లెక్కలు చూడండి. 2021లో అక్కడ తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. సగానికి పైగా తూటాలు పేలింది పేల్చుకున్నవాడి మీదే. ఈ మాట తెలుగువాళ్ళకి వివరించి చెప్పక్కర్లేదు. పత్తి పోయిన ఏడాది, అప్పు నోటీసు వచ్చిన రోజు, గూట్లో ఉన్న పురుగుల మందు డబ్బా ఎన్ని ఇళ్ళను కూల్చిందో మనకి తెలుసు. చావాలన్న నిర్ణయం చాలామందిలో నాలుగు గంటలు నిలవదు. ఆ నాలుగు గంటల్లో చేతికి ఏం అందిందన్నదే ప్రాణం. మందు తాగినవాణ్ణి ఆటోలో వేసుకుని ఏరియా ఆసుపత్రికి పరిగెత్తడానికి, కడుపు కడిగించడానికి కాస్త వ్యవధైనా ఉంటుంది. తుపాకీతో చేసుకున్న ప్రయత్నాల్లో పదింట తొమ్మిది చావుతోనే ముగుస్తాయి. శ్రీలంక అతి విషపు పురుగుల మందుల్ని ఒకదాని తర్వాత ఒకటి నిషేధించుకుంటూ పోతే 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటింటికీ తుపాకీ ఇవ్వాలనేవాళ్ళు ఆ సంఖ్య ముందు కూర్చుని తమ వాదన మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

ఆడవాళ్ళ రక్షణ అంటారు. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత 2014లో కాన్పూరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసం తేలికపాటి రివాల్వర్ తీసుకొచ్చింది. వెల సుమారు 1 లక్షా 22 వేలు. రాత్రి షిఫ్టు ముగించుకుని షేర్ ఆటోలో ఇంటికెళ్ళే అమ్మాయికి అది ఎన్ని నెలల జీతం? అదలా ఉంచండి. నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. చీకటి సందులోంచి ఊడిపడేవాళ్ళు కారు. బంధువు, ఇరుగుపొరుగు, ప్రేమించానన్నవాడు. ఇంట్లో తుపాకీ కొంటే లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటుంది, బీరువా తాళం ఎవరి మొలతాడుకి వేలాడుతుంది? భార్యని కొట్టే మొగుడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆమె హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు అయిదు రెట్లవుతుందని అమెరికాలోనే లెక్క తేల్చారు.

చివరికి పెద్ద మాటొకటి మిగులుతుంది: సాయుధుడైన పౌరుడికి ప్రభుత్వం భయపడుతుందని. ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని 1977లో దించింది ఓటు, తుపాకీ కాదు. (ఆంధ్రప్రదేశ్‌లో మనం 42 సీట్లలో 41 అదే కాంగ్రెస్‌కి ఇచ్చామన్నది వేరే సంగతి. ఆ పని ఉత్తరాదివాళ్ళు చేసిపెట్టారు.) పౌరుల చేతికి తుపాకులిచ్చిన చోట ఏం జరిగిందో మాత్రం మన సరిహద్దులోనే చూశాం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఆదివాసీ కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి, ఆయుధాలిచ్చి, సొంత జనం మీదికే తోలారు. ఊళ్ళు తగలబడితే గొత్తికోయలు పిల్లాపాపలతో గోదావరి వైపు నడిచి వచ్చి ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు, చాలామందికి సరైన కాగితాలు లేవు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన తెలుగువాడే. 2023లో మణిపూర్ మళ్ళీ అదే కథ నడిపించింది. పోలీసు ఆయుధాగారాల నుంచి సుమారు 6,000 ఆయుధాలు జనం చేతుల్లోకి పోయాయి. ఆ జనం ప్రభుత్వం మీదికి పోలేదు, పక్క ఊరి మీదికి పోయారు. ఇంత జరిగాక, 2025 మేలో అస్సాం ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో స్థానికులకు ఆయుధ లైసెన్సులిస్తామంటే మన వైపు నుంచీ భేష్ అన్న మాటలు వినిపించాయి.

లైసెన్సుల వ్యవహారం శుద్ధంగా ఉందని నేను అనడం లేదు. దరఖాస్తులు ఏళ్ళ తరబడి కదలవు, సిఫారసు ఉన్నవాడి ఫైలుకు కాళ్ళొస్తాయి, నిజంగా ప్రాణభయం ఉన్నవాడు తిరిగి తిరిగి మానేస్తాడు. దాన్ని బాగు చేయాల్సిందే. కానీ దానికి హక్కు అక్కర్లేదు, ఉన్న చట్టం చాలు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధానికి 1995లో చేసిన నియమాల్లో మూడోది చూడండి. దాడులు జరిగే అవకాశం ఉందని గుర్తించిన ప్రాంతంలో అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆ తుపాకులు ప్రభుత్వానికి స్వాధీనం చేయించాలి. దొంగ ఆయుధాలు పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకే లైసెన్సులివ్వవచ్చు. తుపాకీ ఎవరి చేతిలో ఉందో, ఎవరి మీదికి తిరిగిందో తెలిసి రాసిన నియమమిది. తుపాకీ హక్కు గురించి టీవీల్లో గొంతు చించుకునేవాళ్ళ నోట ఇది ఒక్కసారైనా విన్నారా? మీ జిల్లాలో దీని కింద ఇప్పటిదాకా ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎన్ని ఇచ్చారు అని కలెక్టరేట్‌ని సమాచార హక్కు కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలు.